పాత ఇంజన్, మన ఎత్తు, మన నీళ్లు

హోండా సిటీ మన దేశానికి 1998లో వచ్చింది. రెండేళ్లకు అందులో వీటెక్ ఇంజన్ దిగింది: ఒకటిన్నర లీటరు, 106 హార్స్‌పవర్. ఆ కాలానికి అది మామూలు వేగం కాదు. ఇప్పటికీ ఆ బండిని వెతికి కొనుక్కునేవాళ్లున్నారు. కొన్నాళ్లకు పికప్ తగ్గుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే మాట ఒకటే: ‘ఇంజన్ దించాలి’. చాలాసార్లు ఆ అవసరం ఉండదు.

ముందు కంప్రెషన్ కొలవాలి. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో రంధ్రానికి గేజీ బిగించి స్టార్టర్ తిప్పుతారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లు ఇక్కడే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్నాయి. 700 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి దాదాపు 8 శాతం తక్కువ. పిస్టన్ పీల్చిన గాలినే కదా నొక్కేది! చెన్నైలో 180 పీఎస్ఐ చూపే ఆరోగ్యమైన ఇంజన్ మదనపల్లెలో 165 దగ్గర ఆగుతుంది. వాక్యూమ్ గేజీ కూడా అంతే, వెయ్యి అడుగులకు సుమారు అంగుళం తగ్గుతుంది. పుస్తకంలోని అంకె పట్టుకుని రింగులు మార్పించుకుంటే డబ్బు దండగ.

అసలు చూడాల్సింది నాలుగు సిలిండర్ల మధ్య తేడా. ఒకటి బాగా తక్కువ చూపితే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగుల సందుల్లోంచి గాలి పోతున్నట్టు. పెరగకపోతే వాల్వుల మీదో, హెడ్ గాస్కెట్ మీదో అనుమానం. పక్కపక్క రెండూ తక్కువైతే ఆ రెండింటి మధ్య గాస్కెట్ పోయి ఉంటుంది. ఈ ఇంజన్లో ట్యాపెట్ సందును చేత్తోనే సరిచేయాలి. సందు మూసుకుపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ పడిపోతుంది. ట్యాపెట్లు శబ్దం చేస్తేనే మనం పట్టించుకుంటాం. బిగిసిన వాల్వు చప్పుడు చేయదు, నిశ్శబ్దంగా కాలిపోతుంది.

వీటెక్ పని చేసేది ఆయిల్ ఒత్తిడితో. ఇంజన్ వేగం పెరిగాక ఆయిల్ ఒక పిన్నును నెడితే, వాల్వులను ఎక్కువగా తెరిచే క్యామ్ రంగంలోకి వస్తుంది. ఆయిల్ తగ్గినా, సోలినాయిడ్ దగ్గరి చిన్న జల్లెడ మూసుకుపోయినా ఆ ఊపు రాదు. దీనికి ఇంజన్ దించడం దేనికి?

ఇక నీళ్లు. నా లెక్కలో ఈ ప్రాంతంలో పాత ఇంజన్లకు అసలు శత్రువు ఇదే. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు ఎక్కువ. వేడెక్కగానే అవి కార్బొనేట్లుగా మారి, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టే రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా గట్టిపడతాయి. ఆ పొర వేడిని పోనిచ్చే శక్తి అల్యూమినియంతో పోలిస్తే దాదాపు నూరో వంతే ఉంటుంది. దానికి ఎత్తు తోడవుతుంది. 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ మీద నీళ్లు 96 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత సరిగ్గా బిగిసి ఒక బార్ ఒత్తిడి నిలిపితే ఆ హద్దు 118 దాకా పెరుగుతుంది. రబ్బరు ఎండిన మూతతో మొగిలి ఘాట్ రోడ్డు ఎక్కితే నీళ్లు పొంగుతాయి, అల్యూమినియం హెడ్డు వంగుతుంది, గాస్కెట్ పోతుంది. కొత్త మూత ఖర్చు హెడ్డు పని ముందు లెక్కలోకి రాదు.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసే అలవాటు మన షెడ్లలో ఉంది. అది తప్పుడు వైద్యం. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయడమే దారి.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి పగలొచ్చు, ఏడాదికోసారైనా చూపించండి.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, తేదీ, ఏ ఊళ్లో కొలిచారో ఒక కాగితం మీద రాయించుకుని బండిలో పెట్టుకోండి. వచ్చే ఏడాది ‘ఇంజన్ దించాలి’ అని ఎవరైనా అంటే, ముందు ఆ కాగితం తీసి చూపించండి.