గాలికుంటు కాలమున పశువులను ఊరు దాటించుట

ఊరిలో ఒక పశువునకు గాలికుంటు సోకినదను వార్త పుట్టినతోడనే రైతునకు సామాన్యముగా రెండు ఆలోచనలు తోచును. ఇంకను జబ్బుపడని పశువులను వచ్చిన ధరకు సంతలో అమ్మివేయుట యొకటి. మంచి యెద్దుల జతను బంధువుల యూరికి తోలి కొన్ని దినములు అచ్చట కట్టివేయించుట రెండవది. తన సొత్తును కాపాడుకొనగోరుట తప్పుగాదు. కాని యీ రెండు పనులే వ్యాధిని ఒక యూరినుండి పది యూళ్లకు గొనిపోవుచున్నవి. అందువలననే యిట్టి సమయములందు పశువులను కదలింపరాదని శాసనము నిర్బంధించుచున్నది. ఆ నిబంధన లెవ్వియో, అవి యెందులకో, వానిలో రైతునకు గల వెసులుబాటు లేమో యీ కరపత్రమున వివరింపబడుచున్నవి.

ఈ జబ్బు పేరే కొంత పొరపాటునకు తావిచ్చుచున్నది. గాలిలో వచ్చు కుంటు గనుక మనుష్యుడు చేయగలది యేమియు లేదని పలువురు తలంతురు. గాలివలన అంటుట నిజమే. చల్లని, తేమగల దేశములలో రోగబీజములు గాలిలో చాల దూరము పోగలవు. కాని యెండయు పొడిగాలియు మెండుగా గల మన జిల్లాలలో గాలికంటె పశువుల కాళ్లును, వానిని ఎక్కించిన లారీల చక్రములును వ్యాధిని ఎక్కువ దూరము మోయును. గాలిని ఎవ్వరును ఆపజాలరు. సంతకు పోవు పశువును ఆపవచ్చును.

ఈ రోగమునకు కారణము వైరస్ అను అతిసూక్ష్మమైన బీజము. దీనిని 1898వ సంవత్సరమున జర్మనీ దేశమున లోఫ్లర్, ఫ్రాష్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. గిట్ట రెండుగా చీలిన ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు మున్నగువాని కన్నిటికి ఇది అంటును. గుఱ్ఱములకును గాడిదలకును అంటదు. వైరస్ లోపల ప్రవేశించిన పిమ్మట 2 మొదలు 14 దినములలోగా పశువునకు జ్వరము వచ్చి, నోట చొల్లు కారి, నాలుకమీదను గిట్టల సందునను చన్నులమీదను బొబ్బలు లేచి పగులును. రైతు ముఖ్యముగా తెలిసికొనవలసిన దేమనగా, ఈ బొబ్బలు కనబడుటకు పూర్వమే పశువు తన యూపిరిలోను చొల్లులోను రోగబీజములను వెదజల్లుచుండును. పాలలోనైతే నాలుగు దినములు ముందుగనే అవి యుండవచ్చును. కావున మేత మేయుచు, నెమరు వేయుచు, చూచువారికి నిండు ఆరోగ్యముతో కనబడు పశువే అపాయకరమైన పశువు. జబ్బుపడిన దానిని సంతలో ఎవ్వరును కొనరు. దానితో నొకే గాటిలో కట్టబడిన రెండవదానిని కొందురు. శాసనము రోగముగల పశువులను మాత్రమే గాక ఆ జాతి పశువుల నన్నిటిని నిలిపివేయుటకు కారణ మిదియే.

పెద్ద పశువులు దీనివలన చచ్చుట తక్కువ. అందుచేత “ఇది పోయే జబ్బు కాదు, నెలనాళ్లలో తిరుగును” అని ఉపేక్షించు వాడుక కలదు. లేగదూడలు గుండె దెబ్బతిని, నోట బొబ్బ యొకటియు లేవకుండగనే, హఠాత్తుగా చచ్చుట కలదు. పాడిపశువు పాలు తగ్గి, ఆ యీతలో మరల మునుపటివలె ఇయ్యకపోవచ్చును. చూలుపశువులు ఈచుకొనిపోవచ్చును. తేరుకొన్న యెద్దులలో కొన్ని యెండ తగిలినంతనే రొప్పుచు కాడి మోయలేకుండును. ఏరువాక నాటికి ఎద్దులు కుంటుచున్నచో ట్రాక్టరు బాడుగ కిచ్చుకొనగల రైతు గట్టెక్కును. జత యెద్దులమీదనే సేద్యము నిలుపుకొన్న వాని సంగతి యేమి?

కదలికను ఆలస్యముగా ఆపినచో నేమగునో 2001వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున కనబడినది. ఉత్తర ప్రాంతమున ఒక పందుల శాలలో పుట్టిన యీ వ్యాధి సమీపమందలి గొర్రెలకు సోకినది. ఆ గొర్రెలు ఫిబ్రవరి 13వ తేదీన హెక్సమ్ సంతకు పోయినవి. అచ్చటినుండి లాంగ్‌టౌన్ సంతకు పోయినవి. గొర్రెలలో గాలికుంటు గుర్తులు చాల స్వల్పముగా నుండును గనుక ఎవ్వరికిని అనుమానము కలుగలేదు. ఫిబ్రవరి 23వ తేదీన దేశమంతటను పశువుల రాకపోకలను నిషేధించిరి. అప్పటికే కనీసము 57 చోట్లకు రోగము చేరియుండెను. తుదకు రెండువేలకు పైగా పశుశాలలలో వ్యాధి బయటపడెను. 60 లక్షలకు మించిన పశువులను చంపివేయవలసి వచ్చెను. సంతలో గడచిన ఆ పది దినముల మూల్య మది.

మన దేశమున ఈ విషయమున వర్తించునది 2009వ సంవత్సరపు పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము. దాని ప్రకారము రైతు మొదటి విధి తెలియజేయుట. తన పశువునకు అంటురోగము సోకినదని నమ్ముటకు కారణమున్నచో యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపవలెను. వారు దగ్గరనున్న పశువైద్యునికి వ్రాతమూలకముగా తెలియజేతురు. రోగనిర్ణయము రైతు పని గాదు. అనుమానము కలిగినంత మాత్రముననే చెప్పవలెను. అది తప్పని తేలినను నష్టము లేదు. రెండవ విధి వేరుపరచుట. జబ్బు పశువును మిగిలినవానికి దూరముగా కట్టి, ఊరుమ్మడి బీటికి మేతకు గాని, చెరువునకు నీటికి గాని తోలకుండవలెను. కుడితి తొట్టి, పలుపు, ముక్కుతాడు వేరుగా నుండవలెను. వీలైనచో ఆ పశువును చూచు మనిషియు వేరుగా నుండుట మేలు. అట్లు కానిచో ఆరోగ్యముగల పశువుల పని ముందు ముగించి, జబ్బు పశువువద్దకు చివర పోవలెను.

ప్రభుత్వము ఒక ప్రాంతమును నియంత్రిత ప్రాంతముగా ప్రకటించిన పిమ్మట, ఆ వ్యాధి సోకదగిన జాతి పశువును దేనినైనను అది యున్న చోటినుండి కదలింపరాదు. దీనికి రెండు మినహాయింపులు గలవు. టీకా వేయించుటకై సమీపమందలి టీకా స్థలమునకు తోలుకొని పోవచ్చును. ఆ వ్యాధికే సరియైన టీకా పడినట్లు ధ్రువపత్రమును, పశువుమీద గుర్తును ఉన్నచో తరలింపవచ్చును. పెండ్లికి బండి కట్టవలెననియు, వియ్యంకుని యూర దుక్కి సాయమనియు చెప్పు కారణము లిందులో చేరవు. ఆ ప్రాంతమున పశువుల సంతలు, ప్రదర్శనములు మాత్రమే గాక పశువులు గుమిగూడు ఏ కార్యమైనను జరుపరాదు. తిరునాళ్లలోని యెడ్ల బండలాగుడు పందెములును ఇందులోనివే. లారీవారును ఈ నిబంధనలకు బద్ధులు; అంగీకరించి ఎక్కించుకొన్నంత మాత్రమున రవాణా చట్టబద్ధము కానేరదు. రైలుబండిలో ఆ ప్రాంతముగుండ పోవు పశువులను నడుమ ఎచ్చటను దింపనిచో పోనిత్తురు.

రోగముగల పశువుతోపాటు దాని క్రింద పరచిన గడ్డియు, అది మూతిపెట్టిన మేతయు, చచ్చిన పశువుయొక్క చర్మమును ఆ ప్రాంతము దాటరాదు. ఈ నిబంధనను రైతులు మరచుట మెండు. పశువును కట్టడి చేసిన ఇల్లే మిగిలిన చొప్పను పొరుగూరికి అమ్ముట కలదు. చచ్చిన కళేబరమును వాగులో గాని చెరువులో గాని వేయుట వేరుగా శిక్షింపదగిన నేరము. లోతుగా పూడ్చి సున్నము చల్లవలెను. పాలకేంద్రమునకు పోవు డబ్బాలును ఇంటింటికి తిరుగుచు రోగమును మోయును. ఈ వైరస్ పులుపునకును క్షారమునకును నిలువలేదు. 10 లీటర్ల నీటిలో 400 గ్రాముల బట్టలుతుకు సోడా కలిపి కొట్టపు నేలను, గాడిని, చెప్పులను, బండి చక్రములను కడిగినచో నశించును. ముందు పేడయు మట్టియు శుభ్రముగా తీసివేసి తరువాత ఈ నీరు వాడవలెను. పేడమీద పోసిన మందు పేడకే చాలును.

టీకా ధ్రువపత్రమును గూర్చి ఒక మాట. సంతకు ముందటి దినమున టీకా వేయించి, ఆ పత్రము పట్టుకొని బయలుదేరుట వ్యర్థము. టీకా బలము పశువులో కుదురుటకు కొన్ని దినములు పట్టును. అప్పటికే రోగబీజము ప్రవేశించియున్న పశువునకు వేసిన టీకా దానిని ఆపజాలదు. 2019 సెప్టెంబరులో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము క్రింద ఆరు నెలల కొకసారి గాలికుంటు టీకాలు వేయుట నిర్ణయింపబడినది. చెవికి 12 అంకెల సంఖ్యగల పోగు వేసి ఆ సంఖ్యమీద టీకా వివరములు నమోదు చేయుదురు. దూడకు నాలుగవ నెల నిండిన పిమ్మట మొదటి టీకాయు, నెల తరువాత రెండవదియు పడవలెను. ఒకప్పుడు పల్లెల నూడ్చిన ముసరవ్యాధి మన దేశమున 1995లో కడపటిసారి కనబడి, 2011లో ప్రపంచమంతటను నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది. ఆ వ్యాధికి ఒక్క టీకా చిరకాలము నిలిచెడిది. గాలికుంటు వైరస్ లో భేదములు పెక్కు, టీకా బలము స్వల్పకాలము. అందుచేత ఇచ్చట కదలికను అదుపుచేయుట మరింత ఆవశ్యకము.

కోతలయిన పొలములలో గొల్ల కురుమల మందలను తోలించి ఎరువు పట్టించుట మన రైతులకు పాత లాభము. మంద యెచ్చటెచ్చట మేసి వచ్చినదో, దారిలో ఏ యూళ్ల నిలిచినదో అడుగక రమ్మనుట వ్యాధికాలమున తగదు. ఇంగ్లండు సంగతివలెనే ఇచ్చటను గొర్రె కుంటక పోయినను రోగమును మోయగలదు. కాపరికిని ఇది కష్టకాలమే. మందను నడుదారిని నిలిపివేసిన యూరివారు దానికి మేతయు నీరును వేరుగా చూపకున్నచో అతడు రాత్రివేళ దొంగదారిని తోలును. ఆ దారి ఎవ్వరి కొట్టము ప్రక్కనుండి పోవునో తెలియదు.

ముద్దచర్మ వ్యాధి విషయమున కొంత భేదము కలదు. ఇది మన దేశమున 2019లో ఒడిశాలో మొదట బయటపడి, 2022లో గుజరాతు, రాజస్థానములలో మిక్కిలి నష్టము చేసినది. ఆ సంవత్సరము పుష్కరమున జరుగవలసిన పశువుల సంత నిలిచిపోయినది. దీనిని కుట్టు ఈగలు, దోమలు, పిడుదులు మోయును గనుక పశువులను దూరముగా కట్టినంత మాత్రమున చాలదు, ఈగలను తగ్గింపవలెను. లారీలో పశువుతో ఈగయు పిడుదును ప్రయాణము చేయును. గాలికుంటు టీకా ఈ వ్యాధిని ఆపదు, దీని టీకా గాలికుంటును ఆపదు. కావున ఏ వ్యాధికై నిషేధమున్నదో ఆ వ్యాధి టీకా పత్రమే చెల్లును.

సంతలు మూయుటవలన రైతునకు కలుగు ఇబ్బంది చిన్నది గాదు. కూతురి పెండ్లికో బాకీకో అమ్మదలచిన గేదె నెలలకొలది మేపుడు ఖర్చుతో నిలిచిపోవును. చట్టమునకు లోబడినవాడు నష్టపడి, చాటుగా అమ్మినవాడు లాభపడుట కలదు. ఈ కొరతను నిషేధపు కాలమును తగ్గించుటవలననే తీర్పవలయును. తొలి పశువు కనబడిన దినముననే తెలియజేసిన యూరిలో వ్యాధి త్వరగా అణగును, ప్రకటన త్వరగా రద్దగును. వారము దాచిన యూరిలో ఆ వారమునకు నెలలు చెల్లింపవలసి వచ్చును.

నిషేధము తొలగి సంత తెరచిన పిమ్మట పశువును కొన్నవారు దానిని తిన్నగా గాటికి తేరాదు. ఊరివెలుపలి చేనిలోనో కల్లములోనో 21 దినములు వేరుగా కట్టి, నోరును గిట్టలను దినదినము చూచుచు, ముద్దచర్మ వ్యాధి తిరుగు కాలమైనచో 28 దినములు ఉంచవలెను. కొనునప్పుడు చెవిపోగు సంఖ్యను వ్రాసికొని, టీకా పడిన తేదీని పశువైద్యశాలలో సరిచూచుకొనవలెను. దళారి చెప్పు మాటను పత్రముగా నెంచరాదు.