శివునికి తల్లి అయిన బెజ్జమహాదేవి

కాకతీయుల కాలంలో ఓరుగల్లు సీమలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు, జనం నోట నలిగే జానుతెనుగులో, రెండేసి పాదాలుగా సాగి పాడుకోవడానికి అనువైన ద్విపద ఛందస్సులో, వీరశైవ భక్తుల చరిత్రలను బసవపురాణంగా రచించాడు. ఆ భక్తులలో బెజ్జమహాదేవిది విలక్షణమైన మార్గం.

శివునికి తల్లి లేదన్న బెంగ ఆమెను పట్టుకుంది. కన్నతల్లి ఉండి ఉంటే ఆ బిడ్డ విషం తాగడాన్నీ, ఒళ్లంతా బూడిదతో వల్లకాట్లో తిరగడాన్నీ, బిచ్చమెత్తడాన్నీ చూస్తూ ఊరుకునేది కాదని కుమిలిపోయి, ఆ లోటు తానే తీర్చడానికి పూనుకుంది. లింగాన్ని చాచిన కాళ్లపై పడుకోబెట్టి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి జోకొట్టింది. పసిబిడ్డకు నీళ్లు పోసే పెద్దముత్తయిదువ చేతుల కదలికను సోమనాథుడు ఎంత దగ్గరగా చూశాడో ఈ వర్ణనే చెబుతుంది. ఆమెను పరీక్షించదలచి శివుడు అంగిటిముల్లు, అంటే గొంతు నొప్పితో చంటిబిడ్డను పాలు తాగనివ్వని జబ్బు, వచ్చినట్టు నటించగా, తల్లడిల్లి ప్రాణత్యాగానికి సిద్ధపడిన ఆ తల్లికి ఆయన ప్రత్యక్షమయ్యాడు.

దైవాన్ని శాస్త్రచర్చతో కాక స్వానుభవంతో ఎరిగిన మార్మికులు క్రైస్తవంలోనూ ఉన్నారు. ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో చర్చికి ఆనుకున్న గదిలో ఏకాంతవాసం చేసిన జూలియన్, 1373 మే నెలలో ప్రాణాంతకమైన జబ్బుతో మంచం పట్టినప్పుడు కలిగిన 16 దర్శనాలను గ్రంథస్థం చేసి, తర్వాత దాదాపు 20 ఏళ్లు మననం చేసి విస్తరించింది. ఇంగ్లీషులో స్త్రీ రాసినట్టు తెలిసిన పుస్తకాలలో నేటికి నిలిచిన అతి ప్రాచీనమైనది అదే. అందులో ఆమె ఏసుక్రీస్తును తల్లిగా భావించింది.

జూలియన్ తన అనుభవాన్ని తానే రాసుకోగా, బెజ్జమహాదేవి గొంతు సోమనాథుని కలం ద్వారానే మనకు వినిపిస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. అయినా భావసాహసంలో బెజ్జమహాదేవిదే పైచేయి, ఎందుకంటే జూలియన్ దైవం ఒడిలో బిడ్డగా సేదదీరితే, ఈమె దైవాన్నే ఒడిలోకి తీసుకుని అతని కోసం దిగులుపడింది.

బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోగేర్‌ల ఇంగ్లీషు అనువాదం వెలువడింది. మూలాన్నే చదవగల భాగ్యం ఉన్న తెలుగువారు కనీసం ఈ ఒక్క కథనైనా ద్విపదలోనే, గొంతెత్తి చదువుకోవాలి.