ఉత్తరాలతో పేరొందిన ఊరు

ఝుమ్రీ తిలైయా అనే ఊరు నిజంగా ఉందంటే ఒకప్పుడు చాలామంది నమ్మలేదు. రేడియోవారు కల్పించిన పేరనుకున్నారు. జార్ఖండ్‌లోని కోడర్మా జిల్లాలో ఉందా ఊరు. మన గూడూరులాగే అభ్రకానికి ప్రసిద్ధి.

రేడియో సిలోన్‌కు, 1957 అక్టోబరు 3న ప్రారంభమైన వివిధభారతికి అక్కడి శ్రోతలు పాటలు కోరుతూ కార్డు మీద కార్డు వ్రాసేవారు. పాటకు ముందు మళ్లీ మళ్లీ అవే పేర్లు, అదే ఊరు. ముఖం చూడకపోయినా దూరప్రాంతాల శ్రోతలకు వారు ఇరుగుపొరుగువారంత పరిచితులయ్యారు.

మంచి పాట ఎవరైనా కోరగలరు. జనం గుర్తుంచుకున్నది మాత్రం విసుగులేకుండా వ్రాసినవారినే. అభ్రకం వ్యాపారం సన్నగిల్లింది, పోస్టుకార్డులూ తగ్గాయి. ఆ ఉత్తరాలు తెచ్చిన పేరు మాత్రం ఊరికి నిలిచింది.