డిస్కు రైటరు – వీడియో ఎడిటింగు : కొన్ని చిక్కులు, వాటి పరిష్కారాలు

మానవుడు తన జ్ఞాపకాలను భద్రపరచుకొనుటకు ఏనాటి నుండియో ప్రయత్నిస్తూనే ఉన్నాడు. శిలపై చెక్కినాడు, తాటాకుపై గంటంతో వ్రాసినాడు, కాగితంపై అచ్చొత్తినాడు. గత శతాబ్దపు ఉత్తరార్ధంలో టేపుపైనా, డిస్కుపైనా దృశ్యాన్నీ శబ్దాన్నీ కలిపి నిక్షేపించుట నేర్చినాడు. అయితే శాసనాన్ని చదువుటకు అక్షరజ్ఞానమూ కన్నూ ఉంటే చాలు. డిస్కును వ్రాయుటకూ చదువుటకూ యంత్రమూ, ప్రోగ్రామూ, ఆ రెండింటి నడుమ పొత్తూ కావాలి. ఆ పొత్తు చెడినప్పుడు ఏమి చేయవలెనో విద్యార్థి మిత్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

సంగారెడ్డి మొదలు పటాన్‌చెరు వరకు గల మన ప్రాంతంలో ఇది కేవలం కుతూహలం తీర్చుకొనే విషయం కాదు. రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్, 1984లో స్థాపించబడిన ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు ఎన్నో కుటుంబాలను ఇక్కడికి రప్పించినవి. ఇక్కడి నుండి గల్ఫు దేశాలకు వెళ్ళినవారూ కలరు. అయినవారు ఒకచోట లేని ఇళ్ళలో పెళ్ళి కేసెట్టుకు ఉన్న విలువ ఇంతని చెప్పలేము. ఇప్పుడా కేసెట్లు బీరువాలలో బూజు పడుతున్నవి. వాటిని ఆడించే యంత్రాలు అరుదైపోయినవి.

గత సంవత్సరం మా వీధిలోని ఒక వృద్ధురాలు, మేమందరం ఖాలా అని పిలిచే ఆమె, ఒక పాత వి.హెచ్.ఎస్. కేసెట్టును గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతికిచ్చింది. అది 1992లో జరిగిన ఆమె కుమార్తె నిఖా కేసెట్టు. “బేటా, మా ఆయన దువా చేసిన మాట ఇండ్లనే ఉన్నది. ఇంకెక్కడ లేదు. నాకు ఫోన్ల చూసుడు రాదు, టీవీల వచ్చేటట్లు చెయ్యి” అన్నది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన కాలం చేసినారట. టేపు రెండుచోట్ల ముడుతలు పడి ఉన్నది. ఒక్కసారి ఆడించుటకే భయపడవలసిన స్థితి.

కేసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించుకొని, ఎడిటింగు ప్రోగ్రాములో సరిచేసి, డిస్కుపై వ్రాయబోగా తెరపై ఒక వాక్యం కనబడింది: రికార్డరు ఏదీ లేదని. రైటరు ఎదుటనే ఉన్నది. దాని దీపం వెలుగుతూనే ఉన్నది. ప్రోగ్రాము మాత్రం దానిని చూడలేదు.

ఒక పని కాదు, మూడు పనులు

ఇటువంటి సందర్భంలో మొదట గ్రహించవలసినది ఒకటి కలదు. వీడియో డిస్కు తయారగుట ఒక పని కాదు, మూడు పనులు. మొదటిది కూర్పు, అనగా దృశ్యాలను కత్తిరించి వరుసగా పేర్చుట. రెండవది రూపకల్పన, అనగా ఆ వీడియోను డి.వి.డి. ప్లేయరు అర్థం చేసికొనే ఎంపెగ్-2 రూపంలోనికి మార్చి, వీడియో టి.ఎస్. అనే ఫోల్డరులో నిర్ణీతమైన ఫైళ్ళుగా అమర్చుట. మూడవది లేఖనం, అనగా ఆ ఫైళ్ళను లేజరు కిరణంతో డిస్కుపై వ్రాయుట. అనేక ఎడిటింగు ప్రోగ్రాములు ఈ మూడింటినీ ఒకే మీట వెనుక దాచినవి. అందుచేత మూడవ పనిలో తప్పు వచ్చినా, మొత్తం చెడినదని మనం కంగారు పడతాము.

దోషం ఎక్కడ ఉన్నదో కనుగొనుటకు సులభోపాయం ఎడిటింగు ప్రోగ్రామును కొంతసేపు పక్కన పెట్టుటయే. ఏవైనా నాలుగు ఫైళ్ళను విండోస్‌లోని స్వంత సదుపాయంతోనే ఒక ఖాళీ డిస్కుపై వ్రాసి చూడవలెను. వ్రాయబడినచో రైటరు, తీగ, డిస్కు మూడూ చాలావరకు మంచివే. లోపం ప్రోగ్రాములో ఉన్నదని భావించవచ్చు. వ్రాయబడనిచో ఎడిటింగు ప్రోగ్రామును ఎన్నిసార్లు తొలగించి మరల ఎక్కించినా ప్రయోజనం లేదు. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు గదా!

ప్రోగ్రాములో లోపం

ఎడిటింగు ప్రోగ్రాములలోని లేఖన భాగం తరచుగా అది వెలువడిన నాటి రైటర్లను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది. తరువాత వచ్చిన రైటర్లను, ముఖ్యంగా యు.ఎస్.బి. ద్వారా బయట తగిలించేవాటిని, అది గుర్తించకపోవచ్చు. రెండవ కారణం, ఒకే కంప్యూటరులో రెండు మూడు లేఖన ప్రోగ్రాములు ఉండుట. ఇవి విండోస్‌కూ రైటరుకూ మధ్య తమ తమ వడపోతలను నిలుపుతవి. ఒకదానిని తొలగించినప్పుడు దాని వడపోత జాడ రిజిస్ట్రీలో మిగిలిపోయినచో, రైటరు మొత్తం విండోస్‌కే కనబడకుండా పోతుంది. డివైస్ మేనేజరులో దాని పేరు పక్కన పసుపుపచ్చని గుర్తు కనబడుట దీని లక్షణం. అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే ఆ జాడలను తొలగించి, కంప్యూటరును మరల ఆరంభించినచో రైటరు తిరిగి కనబడుతుంది. రిజిస్ట్రీపై చేయి వేయుటకు ముందు దాని ప్రతిని దాచుకొనుట విధి.

కాలక్రమంలో పెద్ద సంస్థలే ఈ పనిని విడిచిపెట్టినవని కూడ గమనించవలెను. విండోస్ 7లో ఉన్న డి.వి.డి. మేకరు, 2012లో వచ్చిన విండోస్ 8లో లేదు. అడోబీ వారి ఎన్‌కోర్ కూడ 2012 నాటి సి.ఎస్. 6తోనే ఆగిపోయినది. కనుక నేటి ఎడిటింగు ప్రోగ్రాములో డిస్కు వ్రాసే మీటయే లేనిచో ఆశ్చర్యపడనక్కరలేదు.

వీటన్నిటికీ ఉత్తమమైన మార్గం ఒక్కటే: మూడవ పనిని విడదీయుట. ఎడిటింగు ప్రోగ్రాము చేత డిస్కుపై వ్రాయించవద్దు. హార్డు డిస్కుపై ఐ.ఎస్.ఓ. ప్రతిబింబంగా తయారు చేయించవలెను. ఆ సదుపాయం లేని ప్రోగ్రాము నుండి వీడియో ఫైలును మాత్రం తీసికొని, రూపకల్పనకు వేరొక ప్రోగ్రామును వాడవచ్చును. పిదప ఆ ప్రతిబింబాన్ని విండోస్ 7 మొదలుకొని వ్యవస్థలోనే ఉన్న సాధనంతో వ్రాయవచ్చు. ఇక్కడ ఒక చిన్న గుంట కలదు. ఎఫ్.ఏ.టి. 32 పద్ధతిలోని డ్రైవుపై 4 జి.బి.కి మించిన ఫైలు నిలువదు. నిండు డి.వి.డి. ప్రతిబింబం అంతకు మించుతుంది. కనుక ఎన్.టి.ఎఫ్.ఎస్. వంటి పద్ధతి గల డ్రైవుపై దానిని ఉంచవలెను.

రైటరులో, డిస్కులో లోపం

ఇక విండోస్ కూడ వ్రాయలేకపోయినప్పటి సంగతి. 1997లో వచ్చిన మైనస్ ఆర్ డిస్కులు, 2002లో వచ్చిన ప్లస్ ఆర్ డిస్కులు చూపునకు ఒకటే; జాతులు వేరు. తొలినాటి రైటర్లు ఏదో ఒక జాతినే వ్రాసేవి. తరువాతివి రెండింటినీ వ్రాయగలవు కాని, పాత ప్లేయర్లలో ప్లస్ డిస్కు కన్న మైనస్ డిస్కు ఆడే అవకాశం ఎక్కువ. ఇంకను, ప్రతి ఖాళీ డిస్కులోను దాని తయారీదారుని సంకేతం ఉంటుంది. రైటరు ఆ సంకేతాన్ని చదివి, లేజరును ఎంత తీవ్రతతో ప్రయోగించవలెనో నిర్ణయించుకొంటుంది. సంకేతం దానికి తెలియనిదైతే వ్రాత తప్పుతుంది. ఫర్మ్‌వేరును నవీకరించుట, వేరొక రకం డిస్కు వాడుట, వేగాన్ని తగ్గించుట దీనికి చికిత్సలు. నాలుగింతల వేగంతో నిండు డిస్కు వ్రాయుటకు సుమారు 14 నిమిషాలు పడుతుంది. ఆ కాస్త ఓర్పు వలన నష్టమేమీ లేదు.

బయట తగిలించే రైటర్లకు మరొక బలహీనత కలదు. యు.ఎస్.బి. 2 ద్వారం ప్రమాణం ప్రకారం ఇచ్చే విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. చదువుటకు అది చాలవచ్చు. వ్రాయునప్పుడు లేజరుకు ఎక్కువ శక్తి కావాలి. దీపం వెలుగుతుంది, డిస్కు తిరుగుతుంది, వ్రాత మధ్యలో ఆగుతుంది. అట్టి రైటరును డెస్కుటాపు వెనుక ద్వారానికి నేరుగా గాని, రెండు కొనలు గల తీగతో గాని తగిలించవలెను.

వ్రాసిన తరువాత

డిస్కు వ్రాయబడినంత మాత్రాన పని ముగియదు. చివర ముద్ర వేయనిచో, అనగా ఫైనలైజు చేయనిచో, అది వ్రాసిన కంప్యూటరులో ఆడినా ఇంటి ప్లేయరులో ఆడకపోవచ్చు. మన దేశపు పాల్ పద్ధతి ప్రకారం చిత్రం 720 × 576 చుక్కలతో, సెకనుకు 25 చిత్రాలుగా ఉండవలెను. 4.7 జి.బి. డిస్కుపై రెండు గంటల వీడియోకు సెకనుకు దాదాపు 5 మెగాబిట్లు దక్కుతవి. మూడు గంటల పెళ్ళిని ఒకే డిస్కులో కుక్కినచో ముఖాలు చెదరుతవి. రెండు డిస్కులు చేయుట మేలు.

మా ప్రయత్నంలో జరిగినది కూడ చెప్పవలెను. విండోస్ పరీక్ష పెట్టగా మొదటిసారి అదియు విఫలమైనది. రైటరును వెనుక ద్వారానికి మార్చగా వ్రాసినది. ఎడిటింగు ప్రోగ్రాము మాత్రం అప్పటికీ దానిని గుర్తించలేదు. అనగా ఒకటి కాదు, రెండు దోషాలు! ప్రతిబింబం తయారు చేసి విండోస్‌తో వ్రాసితిని. ఆ ప్లస్ డిస్కు ఖాలా ఇంటి ప్లేయరులో ఆడలేదు. ఈలోగా హార్డు డిస్కులో చోటు చాలక, కేసెట్టు నుండి ఎక్కించిన మూల ఫైలును తుడిచివేయబోయి, ఎందుకో ఆగినాను. ఆగుట మంచిదైనది. రెండవసారి కేసెట్టును ఆడించగా ముడుత పడిన చోటనే టేపు తెగినది. ఆ ఫైలే లేకున్న ఆ గొంతు శాశ్వతంగా పోయేది.

మూడవ రోజు మైనస్ డిస్కుపై, నాలుగింతల వేగంతో వ్రాసి, ముద్ర వేసి తీసికొనిపోతిని. తెరపై చిత్రం మసకగానే ఉన్నది. దువా వినబడగానే ఖాలా కొంగు తలపైకి లాగుకొని రెండు చేతులూ ఎత్తింది. పూర్తయిన పిదప, “మళ్ళొకసారి పెట్టు బేటా” అన్నది.

విద్యార్థి మిత్రులారా! డిస్కు కూడ శాశ్వతం కాదు. దాని లోపలి రంగుపూత ఎండకూ వేడికీ క్షీణిస్తుంది. కావున మూల ఫైలును వేర్వేరు చోట్ల రెండు మూడు ప్రతులుగా ఉంచండి. ఇంటిలోని ప్లేయరులో ఆడించి చూడక మునుపు దేనినీ తుడిచివేయకండి. మీ ఇంటి బీరువాలో అటువంటి కేసెట్టు ఉన్నచో ఈ సెలవులలోనే బయటికి తీయండి. దానిని ఆడించే యంత్రం నేడు ఎక్కడో ఒకచోట దొరుకుతున్నది. రేపటి సంగతి చెప్పలేము.