మూడు రోజుల సఫారీ

‘సఫారీ’ స్వాహిలీ మాట, ప్రయాణమని అర్థం. అరబ్బీలోని ‘సఫర్’ దానికి మూలం. అదే మాట హిందూస్థానీ ద్వారా తెలుగువారికీ పరిచితమే. ఒకనాడు సఫారీ అంటే కూలీలు, గుడారాలు, తుపాకులతో నెలల తరబడి సాగే వ్యవహారం. నేడు టాంజానియాలోని ఆరూషా పట్టణంలో వేకువనే జీపు ఎక్కిన యాత్రికుడు మూడవనాటి సాయంత్రానికి తిరిగి హోటలు చేరుకుంటాడు. ఆ స్వల్ప వ్యవధిలోనే న్గొరొంగొరో బిలాన్నీ, సెరెంగెటి మైదానాన్నీ దర్శించి, మానవ హస్తం సోకని ఆదిమ ప్రకృతిని కన్నులారా చూశానని మురిసిపోతాడు. ఆ మురిపెం సహజమే. అయితే అతడు చూసిన దృశ్యం వయస్సు నిండా డెబ్భై ఏళ్లయినా లేదు.

న్గొరొంగొరో ఒక మహాగ్నిపర్వతం. లక్షల ఏళ్ల క్రితం శిఖరం కుప్పకూలగా ఏర్పడిన గిన్నెవంటి బిలం అది. అంచు మీద చలి, పొగమంచు. 600 మీటర్ల దిగువన 260 చదరపు కిలోమీటర్ల పచ్చిక నేల. సింహాలు, దుమ్ములగొండ్లు, చారల గుర్రాలు, అరుదైన నల్ల ఖడ్గమృగాలు అక్కడ కనిపిస్తాయి. ఏనుగులలో అత్యధికం వయసు మళ్లిన మగవే. జిరాఫీలు మాత్రం ఆ బిలంలో కాపురముండవు. గోడలు మరీ నిట్టనిలువు. దిగినా మేయడానికి తగినన్ని చెట్లు లేవు.

బిలం దాటి పడమరకు దిగితే సెరెంగెటి. అంతులేకుండా సాగే నేల అని మసాయి భాషలో ఆ పేరుకు అర్థం. 14,763 చదరపు కిలోమీటర్ల ఈ జాతీయోద్యానం 1951లో ఏర్పడింది. ఫిబ్రవరి మాసంలో దక్షిణపు పొట్టిగడ్డి మైదానాల మీద విల్డిబీస్టులు ఈనుతాయి. రెండు మూడు వారాలలోనే లక్షలాది దూడలు నేల మీద పడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే దూడ లేచి తల్లి వెంట పరుగెత్తాలి. లేదా ఎవరికో ఆహారం కావాలి.

వచ్చిన చిక్కల్లా తొందరతోనే. ఒక డ్రైవరు చీతాను చూస్తే రేడియోలో ఆ వార్త క్షణాల మీద పాకిపోతుంది. పావుగంటలో ఇరవై వాహనాలు దాని చుట్టూ మూగుతాయి. చీతా పగటివేళ వేటాడే జంతువు. చుట్టూ ఇంజన్లు రొద చేస్తుంటే దాని వేట చెడిపోతుంది, పిల్లలు పస్తుంటాయి. ఇంజను ఆపించి, ఒకే చెట్టు వద్ద గంటసేపు ఓపిక పట్టిన యాత్రికునికి జాబితా చిన్నదవుతుందేమో గాని, చూసింది మాత్రం ఎక్కువ.

ఇక, కన్నుకు ఆనని కథ ఒకటున్నది. 1887లో ఇటలీ సేనల కోసం ఎరిత్రియా తీరంలో దింపిన పశువులతో ఆఫ్రికాలో ఒక మహమ్మారి అడుగుపెట్టింది. ఆ పశువులు భారతదేశం నుంచి వెళ్లినవేనని చరిత్రకారులంటారు. రోగం పేరు రిండర్‌పెస్ట్. తెలుగు పల్లెలు దానినే ముసర రోగమన్నాయి. కొద్ది ఏళ్లలోనే అది ఖండాన్ని చుట్టివచ్చింది. ఆవులే ఆస్తిగా బ్రతికే మసాయిల మందలు తుడిచిపెట్టుకుపోయాయి. వెనువెంటనే కరువు వచ్చింది. 1892లో న్గొరొంగొరో చేరిన ఆస్ట్రియా యాత్రికుడు ఆస్కార్ బౌమన్‌కు ఎదురుపడింది ఆకలితో శుష్కించిన మసాయిలు. గేదెలవంటి అడవి దున్నలూ, విల్డిబీస్టులూ అదే రోగంతో కూలిపోయాయి. మనుషులూ మందలూ లేని ఆ నేలనే తరువాత వచ్చిన పాలకులు ‘నిర్జనారణ్యం’గా భావించారు.

రోగానికి విరుగుడు పశువైద్యుల చేతులలో రూపొందింది. 1920లలో కుమావూఁ కొండలలోని ముక్తేశ్వర్ పరిశోధనశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ ఆ వైరస్‌ను మేకల ద్వారా నడిపించి బలహీనపరచి టీకా తయారు చేశాడు. 1960 ప్రాంతంలో కెన్యాలోని ముగుగాలో వాల్టర్ ప్లోరైట్ అంతకన్న సురక్షితమైన టీకాను సాధించాడు. సెరెంగెటి చుట్టుపట్ల పల్లెలలోని ఆవులకు టీకాలు వేశారు. విల్డిబీస్టులకు ఒక్కదానికీ వేయలేదు. అయినా కొద్ది ఏళ్లలో వాటిలోనూ రోగం మాయమైంది. అడవి జంతువులే పశువులకు రోగం అంటిస్తున్నాయన్న పాత నమ్మకం తలక్రిందులైంది. 1961లో రెండున్నర లక్షల పైచిలుకు ఉన్న విల్డిబీస్టులు 1970ల చివరికి 13 లక్షలకు చేరాయి. అవి గడ్డిని మేసివేయగా కార్చిచ్చులు తగ్గాయి. కార్చిచ్చులు తగ్గగా చెట్లు మొలిచాయి. యాత్రికుడు సృష్ట్యాది నుంచీ ఉన్నదనుకున్న ఆ మహాప్రవాహం వెనుక ఒక సూదిమందు ఉన్నది. 2011లో రిండర్‌పెస్ట్ భూమి మీద లేకుండా పోయిందని ప్రకటించారు.

ఆ మందలను ఆకాశం నుంచి తొలిసారి లెక్కించినవారు జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కుమారుడు మైకేల్. వారి విమానానికి చారల గుర్రం రంగులే వేశారు. 1959 జనవరిలో ఒక రాబందు తగిలి ఆ విమానం కూలింది. 24 ఏళ్ల మైకేల్ మరణించాడు. బిలం అంచున అతని సమాధిని నేటికీ చూడవచ్చు. వారు తీసిన చిత్రానికి 1960లో ఆస్కార్ లభించింది. జాతీయోద్యానంలో మనుషులెవ్వరూ, స్థానికులు సైతం, నివసించరాదన్నది గ్జిమెక్ మతం. ఆ 1959లోనే మసాయిలు సెరెంగెటిని విడిచి న్గొరొంగొరోకు తరలవలసి వచ్చింది. అక్కడ పశువులతో నివసించే హక్కు ఉంటుందన్నది నాటి ఒప్పందం.

మూడవనాడు తిరుగుదారిలో ఎర్ర దుప్పటి కప్పుకొన్న కుర్రవాడు ఆవులమందను రోడ్డు దాటిస్తుంటే వాహనం ఆగుతుంది. అప్పటికే చాలామంది కెమెరాలు సంచులలోకి వెళ్లిపోయి ఉంటాయి. 1959లో ఎనిమిది వేల ప్రాంతంలో ఉన్న న్గొరొంగొరో జనసంఖ్య లక్ష దాటింది. వన్యప్రాణులకు ఇది భారమని ప్రభుత్వం అంటుంది. 2022 నుంచి కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మ్సొమెరాకు తరలించసాగింది. ఇష్టపడినవారినే పంపుతున్నామని ప్రభుత్వ వాదం. పాఠశాలలు, వైద్యం కుంటుపరచి తమను వెళ్లగొడుతున్నారని మసాయిల ఆరోపణ. 2024 ఆగస్టులో వారు వేల సంఖ్యలో సఫారీ వాహనాలు వెళ్లే ఆ రోడ్డు మీదికే వచ్చి నిలిచారు.