ఎర్ర అక్షరాలకు భయం వద్దు

ఆర్ అనేది లెక్కలు చేసే ఉచిత సాఫ్ట్‌వేరు. 1990లలో న్యూజీలాండులో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ గార్లు తయారుచేశారు. ఇహాకా గారు మావోరి వంశస్థులు. మావోరీలు మనలాగే ఆ దేశపు ఆదివాసులు.

తెర మీద ఎర్ర అక్షరాలు వస్తే కొందరు లేచి వెళ్ళిపోతున్నారు. అది తిట్టు కాదు, నేను ఇలా చూస్తాను.

1. 'ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్': ఆ పేరు తనకి తెలీదంటోంది. స్పెల్లింగు చూడండి. ఆర్‌కి పెద్ద అక్షరం వేరు, చిన్నది వేరు.

2. ఎంటర్ కొట్టినా ప్లస్ గుర్తే వస్తుంటే: బ్రాకెట్టు మూయలేదన్నమాట. ఎస్కేప్ నొక్కి మళ్ళీ రాయండి.

3. సగటు అడిగితే 'ఎన్ఏ' వస్తే: ఏదో గడి ఖాళీ. ముగ్గురి బరువులు 38, 40, 42 కిలోలు. నాలుగో చెల్లి జ్వరమొచ్చి ఊరెళ్ళింది. ఆమెకి సున్నా వేస్తే సగటు 30! అందరం బక్కచిక్కినట్టు. గడి ఖాళీగా ఉంచి, మీన్ బ్రాకెట్టులో కామా పెట్టి 'ఎన్ఏ డాట్ ఆర్ఎం = ట్రూ' అని రాస్తే 40.

తూచని పిల్ల బరువు లేని పిల్ల కాదు కదా! రిజిస్టరులో కూడా సున్నా వద్దు. ఆమె వచ్చాక తూచి రాద్దాం. మా అమ్మకి చదువు రాదు గానీ సంతలో తప్పు తూకం ఒప్పుకోదు. మనమూ ఒప్పుకోకూడదు.

— 9వ తరగతి విద్యార్థిని