మైకు ముందు కులం

రేడియోలో గొంతే తప్ప మనిషి కనిపించడు కనుక అక్కడ కులానికి చోటు లేదని చాలామంది భావిస్తారు. కానీ ఏ గొంతును మైకు ముందుకు పిలవాలి, పిలిచాక ఎలా పరిచయం చేయాలి, ఏ ప్రశ్న అడగాలి అన్న నిర్ణయాల్లో కులం చడీచప్పుడు లేకుండా పనిచేస్తూనే ఉంది.

దీనికి చరిత్ర ఉంది. 1946లో సర్దార్ పటేల్ సమాచార, ప్రసార శాఖను చూస్తున్న కాలంలో, వ్యక్తిగత జీవితం అపవాదుకు లోనైందన్న పేరుతో గణిక వర్గాల గాయనులకు ఆలిండియా రేడియో తలుపులు మూసింది. 1952 నుంచి పదేళ్లు ఆ శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్, శాస్త్రీయ సంగీతాన్ని జాతి సంస్కారానికి కొలమానంగా నిలిపారు. సంగీతాన్ని తరతరాలుగా కాపాడిన స్త్రీలు గడప బయటే ఉండిపోయారు. వారి సంగీతం మాత్రం జాతి సంపదగా లోపలికి వెళ్లింది.

నేడు ఆ నిషేధం లేదు. వివక్ష ప్రశ్నల్లోకి మారింది. కళా విశేషాలను పరిచయం చేసే మ్యాగజైన్ కార్యక్రమాలను శ్రద్ధగా వినండి. కర్ణాటక విద్వాంసుణ్ణి గురువు గురించి, రాగం గురించి, సాధన గురించి అడుగుతారు. దళిత కళాకారుణ్ణి ఊరి గురించి, పేదరికం గురించి, పింఛను గురించి అడుగుతారు. ఒకరిది విద్య, మరొకరిది వ్యథ. కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెరపై శ్రుతి ఎలా కుదురుతుంది, సొరకాయ బుర్రలు నాదానికి ఏమిస్తాయి అన్నవి సంగీత ప్రశ్నలే. చిందు కళాకారుల జాంబపురాణం, భూమి కంటే ముందే జాంబవంతుడు పుట్టాడంటూ కులాల హెచ్చుతగ్గులనే తలకిందులు చేస్తుంది. దానిని సాహిత్య చర్చలో పెట్టకుండా ‘అంతరించిపోతున్న కళ’ అని జాలిపడి వదిలేయడం ఆ వాదాన్ని వినకుండా తప్పించుకోవడమే.

ప్రశ్న అడిగేవారు మారితే ఏమవుతుందో సంగారెడ్డి జిల్లా మాచనూరు చూపింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో అనుమతులు తెరిచారు. 2008 అక్టోబరులో దళిత మహిళల చేతుల మీదుగా సంగం రేడియో మొదలైంది. అక్కడ విత్తనం, పండుగ, పాట, వైద్యం ఒకే కార్యక్రమంలో ఒదుగుతాయి. పాడే ఆమె, రికార్డు చేసే ఆమె ఒకే వాడ మనుషులు. ఆ పాటకు జాలి పరిచయం అక్కర్లేదు. అయితే సామాజిక రేడియోకు ఇచ్చే ప్రసార శక్తి సాధారణంగా వంద వాట్లకు మించదు. ఆ గొంతు చుట్టుపక్కల ఊళ్లు దాటి వెళ్లదు.

రాష్ట్రమంతా వినిపించే శక్తి ప్రజాధనంతో నడిచే ఆకాశవాణికి ఉంది. దాన్ని అడగవలసింది జానపదానికి మరో అరగంట కాదు. కళాకారుడి పేరు, గురువు పేరు ప్రసారంలోనూ భాండాగారంలోనూ నమోదు కావాలి. పారితోషికంలో తేడా పోవాలి. ఆ కళలను విమర్శించి విశ్లేషించే బాధ్యత ఆ సమాజాల నుంచి వచ్చిన పరిశోధకులకు అప్పగించాలి. విశ్వవిద్యాలయాల్లో ఆ పని చేస్తున్న విద్యార్థులు ఇప్పటికే ఉన్నారు. వారిని కళాకారుల పక్కన ‘అతిథులు’గా కాక, ప్రశ్నించే కుర్చీలో కూర్చోబెట్టాలి. దళిత కళకు కావలసింది సానుభూతి కాదు, సమీక్ష.